దేనికంటే తక్కువ?

సంపాదకులకు నమస్కారాలు.

కోకాపేట, తెల్లాపూర్ వైపు లేస్తున్న గృహసముదాయాల పూర్తి పేజీ ప్రకటనలలో ‘మామూలు భవనం కంటే ఇంత శాతం తక్కువ కర్బన ఉద్గారాలు’ అనే వాక్యం ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. ఇటువంటి అంకెలు కట్టే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ పనిలో ఉన్నవాడిగా, ఆ శాతం పక్కనే దాని ఆధారం కూడా అచ్చయ్యేలా చూడవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

ముడిసరుకు తవ్వడం మొదలుకొని తయారీ, రవాణా, వాడకం, చివరకు కూల్చివేత వరకు పర్యావరణంపై పడే భారాన్నంతా కూడగట్టే పద్ధతి ఇది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) 2006లో తెచ్చిన 14040, 14044 ప్రమాణాలు దీనికి ఆధారం. ఏయే దశలను లెక్కలోకి తీసుకున్నామన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఇంట్లో కాలే కరెంటును మాత్రమే లెక్కించి, గోడల్లోని సిమెంటును, ఇనుమును వదిలేస్తే ఏ భవనమైనా పచ్చగానే తేలుతుంది. సిమెంటుకు మూలపదార్థమైన క్లింకర్ తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా సున్నపురాయి విడిపోవడం వల్లనే వస్తుంది కనుక, మేళ్లచెరువు సిమెంటు కర్మాగారాలన్నింటికీ సౌరవిద్యుత్తు ఇచ్చినా ఆ భాగం తగ్గదు.

ఫ్లై యాష్ ఇటుకల సంగతి మరీ చిక్కు. రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలగా మిగిలే ఆ బూడిదను వ్యర్థమనుకుంటే బొగ్గు మండించిన పాపమంతా విద్యుత్తు ఖాతాలోకే పోతుంది. దానిని ధర పలికే ఉపఉత్పత్తి అనుకుంటే అందులో కొంత వాటా ఇటుక మోయవలసి వస్తుంది. ఏది ఎంచుకున్నదీ, ఎందుకు ఎంచుకున్నదీ నివేదికలో రాయాలన్నదే ప్రమాణం పెట్టే షరతు.

ఇక దత్తాంశం విషయం. జీడిమెట్లలోని ఒక చిన్న షెడ్డు నుంచి మాకు వచ్చేది ఫోనులో తీసిన కరెంటు బిల్లు ఫొటో. అందులో షెడ్డు మొత్తానికి వాడిన యూనిట్లు ఉంటాయి తప్ప అక్కడ తయారయ్యే మూడు రకాల సరుకుల్లో దేనికెంత ఖర్చయిందో ఉండదు. బరువును బట్టో, ధరను బట్టో మేమే పంచుతాము. ఆ బిల్లు కూడా దొరకనప్పుడు విదేశీ డేటాబేస్‌లోని ప్రపంచ సగటును తీసుకుని, లెక్కల పట్టికలో ఆ అంకె ఉన్న గడిలో ‘గ్లోబల్’ అని గుర్తు పెడతాము. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలో మన గ్రిడ్‌పై యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుండగా, ఆ ప్రపంచ సగటు మనకు ఎంతవరకు సరిపోతుందో చూడకుండా వాడకూడదు. నివేదికలో ఉన్న ఆ గుర్తు మార్కెటింగ్ వారి స్లైడులోకి వచ్చేసరికి పోతుంది. ప్రకటనలో శాతం ఒక్కటే మిగులుతుంది. (లెక్క కట్టినవారిని ప్రకటన చూపించి అడిగే ఆనవాయితీ మా రంగంలో అంతగా లేదు.)

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో తెచ్చిన గ్రీన్‌వాషింగ్ (పర్యావరణహితమని తప్పుదోవ పట్టించే ప్రచారం) నివారణ మార్గదర్శకాల ప్రకారం, పోలిక చెప్పేవారు దేనిని దేనితో పోల్చారో వెల్లడించాలి. వివరాలను క్యూఆర్ కోడ్ ద్వారానైనా ఇవ్వవచ్చు. రెండు ఉత్పత్తులను పోల్చి బహిరంగంగా ప్రకటించే ముందు కనీసం ముగ్గురు సభ్యుల సమీక్ష జరగాలని ఐఎస్ఓ 14044 కూడా చెబుతోంది. శాతంతో వచ్చే ప్రతి ప్రకటనకూ ఆ సమీక్ష నివేదికను జతచేయమని మీ ప్రకటనల విభాగం అడగాలని మనవి.

– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్