ఐసోస్టసీ గురించి శీనుకి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. చివర్లో ఓ మూల గీకి పడేశావే, "ఐసోస్టసీ అంటే కొండలు తేలడమేనా?" అని, నేను అక్కడే ఆగిపోయాను. మిగతా కబుర్లకి జవాబు తర్వాత రాస్తాలే.

తేలడమే, కాదనను. కానీ అసలు సంగతి ఒత్తిడిది. భూమిలో బాగా లోతున ఒక మట్టం అనుకో. పైన కొండ ఉన్నా, మైదానం ఉన్నా, సముద్రం ఉన్నా ఆ మట్టం మీద పడే బరువు ఒక్కటే. దీనికి ఆ పేరు పెట్టింది 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే అమెరికన్.

ఊహ మాత్రం అంతకు ముందుదే, అదీ మన దేశపు సర్వేలోంచి పుట్టింది. ఉత్తరాన కలియానా, దానికి దక్షిణాన కలియాన్‌పూర్ అనే ఊళ్ల అక్షాంశాల తేడాని నేల మీద కొలిచి లెక్కిస్తే ఒకటి, నక్షత్రాలు చూసి లెక్కిస్తే ఇంకొకటి వచ్చింది. తేడా ఎంతనుకున్నావ్? డిగ్రీని 3600 ముక్కలు చేస్తే అందులో 5 ముక్కలు! నక్షత్రాలు చూసేటప్పుడు నిట్టనిలువు ఏదో తేల్చడానికి దారానికి వేలాడదీసే గుండును హిమాలయాలు తమవైపు లాగుతున్నాయన్నాడు కలకత్తాలో ఉన్న ప్రాట్ అనే మతాధికారి. తీరా కొండల బరువును బట్టి లెక్కేస్తే ఆ తేడా దాదాపు 16 ముక్కలు రావాలి. అంతటి హిమాలయం మూడో వంతే లాగుతోందన్నమాట. 1855లో ఎయిరీ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త చెప్పిన జవాబు నాకెంత ఇష్టమో: కొండ కింద తేలికైన రాయే వేరులా లోతుకి దిగి, బరువైన రాతిని పక్కకి తోసేసింది, అందుకే లాగుడు తగ్గింది. నీళ్లలో లావు దుంగ పైకీ ఎక్కువే కనిపిస్తుంది, కిందకీ ఎక్కువే మునుగుతుంది కదా, అలాగ. మామూలు ఖండాల కింద భూపటలం, అంటే భూమి పై రాతి పొర, 35-40 కిలోమీటర్లుంటే, టిబెట్ కింద 70 దాకా ఉంది. ప్రాట్ మాత్రం ఎత్తైన చోట రాతి సాంద్రతే తక్కువన్నాడు. సముద్రాల దగ్గర అతని మాటలోనూ నిజముంది.

వాడేటప్పుడు ఒకటి చూసుకో. చిన్న గుట్టకి ఈ మాట వాడకు. దాని బరువును గట్టి భూపటలమే మోసేస్తుంది, కింద ఏ వేరూ అక్కర్లేదు. పైగా ఈ తూకం వెంటనే కుదిరేది కాదు. స్కాండినేవియా మీది మంచు కరిగి వేల ఏళ్లయినా, ఆ బరువుకి కుంగిన నేల స్వీడన్, ఫిన్లాండ్ మధ్యనున్న బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఇంకా ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున లేస్తూనే ఉంది.

నీ
రఘు