ఎవరూ కోరి రాని దీవి: హైనాన్ నుంచి ఒక ఉత్తరం

ప్రియమైన రమణకు,

హైనాన్‌లో బీచ్ తప్ప చూడటానికి ఏముందని నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు రెండు ముక్కల్లో జవాబు చెప్పి తప్పించుకున్నాను గాని, అది తీరిగ్గా కూర్చుని రాయవలసిన సంగతి. చైనాకు దక్షిణపు కొసన, చ్యోంగ్‌జౌ జలసంధికి ఇవతల ఉన్న ఈ దీవి 1988 దాకా గ్వాంగ్‌డాంగ్‌లో భాగంగా ఉండేది. ఆ ఏడాదే దీన్ని విడిగా ఒక ప్రావిన్సు చేశారు. పటం తీసి చూడు, దీవికి దక్షిణాన ఉన్న సాన్యా నగరం దాదాపుగా మన శ్రీకాకుళం ఉన్న అక్షాంశం మీదే కనిపిస్తుంది. ఉద్దానంలో పెరిగిన నీకు ఇక్కడి ఉక్కపోత, కొబ్బరితోటలు, గాలివానలు ఏవీ కొత్తవి కావు.

సాన్యా సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. యాలోంగ్ తీరంలో మెత్తని ఇసుక, వరుసగా పెద్ద హోటళ్ళు, రష్యన్ భాషలో బోర్డులు, నాన్‌షాన్ దగ్గర సముద్రంలో 108 మీటర్ల ఎత్తున మూడు ముఖాలతో నిలబడ్డ గ్వాన్‌యిన్ విగ్రహం (మన అవలోకితేశ్వరుడే చైనాకు వెళ్ళి స్త్రీరూపం దాల్చాడు), ఇవన్నీ బాగానే ఉన్నాయి. నా మనసును పట్టుకున్నది మాత్రం వేరే విషయం. పూర్వం ఈ దీవికి ఇష్టపడి వచ్చినవాళ్ళు బహు తక్కువ. పైవాళ్ళు శిక్ష వేసి పంపితే వచ్చారు, తుపాను తోసుకొస్తే వచ్చారు, సొంత నేల చెయ్యిజారితే వచ్చారు. ఇక్కడి సంస్కృతిలో నాకు రుచించినదంతా చాలామటుకు అలా వచ్చినవాళ్ళ వల్ల, వాళ్ళకంటే ఎంతో ముందునుంచీ ఇక్కడున్న లీ జాతివాళ్ళ వల్ల ఏర్పడినదే.

శిక్ష పడ్డవాళ్ళలో అందరికంటే పెద్దపేరు కవి సూ డోంగ్‌పోది. రాజకీయాల్లో ప్రత్యర్థులది పైచేయి కావడంతో ఆయనను 1097లో, అరవై ఏళ్ళ వయసులో, పడమటి తీరాన ఉన్న డాన్‌జౌకు పంపించారు. తిరిగి వెళ్తానన్న ఆశ లేక, అక్కడికి చేరగానే ముందు శవపేటిక చేయించుకుంటాను, ఆ తరువాత సమాధి సంగతి చూసుకుంటాను అని ఆయన ఒక మిత్రుడికి రాశాడు. అంతటి నిరాశతో దిగిన మనిషి ఊరి పిల్లలకు చదువు చెప్పి, లీ కుటుంబాలతో చనువు పెంచుకుని, 1100లో అనుమతి వచ్చి బయలుదేరేటప్పుడు తాను అసలు హైనాన్ వాడినేనని, పడమటి షూ దేశంలో (నేటి సిచువాన్) పుట్టడం ఒక మజిలీ మాత్రమేనని కవిత కట్టాడు. డాన్‌జౌలో ఆయన పేరిట ఉన్న విద్యాలయంలో తిరుగుతూ, ఆయనను ఇక్కడికి తరిమినవాళ్ళ పేర్లు ఎవరికి గుర్తున్నాయా అని నవ్వుకున్నాను. అంతకు ముందే 748లో జపాన్‌కు బయలుదేరిన జ్యాన్‌జెన్ అనే బౌద్ధ భిక్షువు గాలివానకు దారితప్పి ఈ దీవికే కొట్టుకొచ్చాడు. సాన్యా శివార్లలో ఉట్సాట్ ముస్లింలున్నారు. వియత్నాం తీరంలోని చంపా రాజ్యం నుంచి శతాబ్దాల కిందట తరలివచ్చిన వాళ్ళ సంతతి వీళ్ళు, మాట్లాడేది నేటికీ చంపా భాషకు చుట్టమైన భాషే.

ఇక లీ నేత. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓర్చుకో. దీవి నడిబొడ్డున వుజిషాన్ కొండల ప్రాంతంలో ఒక పెద్దావిడ మగ్గం ముందు కూర్చోవడం దగ్గరగా చూశాను. మగ్గం అంటే మన గుంటమగ్గం వంటి కట్టడం ఏమీ లేదు. ఆమె నేల మీద చాప పరుచుకుని కాళ్ళు బారచాపి, పడుగు (నిలువు దారాల) ఒక కొసను పాదాలతో తన్నిపట్టి, రెండో కొసను నడుముకు పట్టీతో బిగించుకుంది. వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి, ముందుకు వంగితే వదులవుతాయి, అంటే మగ్గం సగం ఆమె ఒళ్ళే. పేక (అడ్డదారం) దూర్చిన ప్రతిసారీ నున్నగా అరిగిన చెక్కబద్దతో దగ్గరికి కొడుతూ, ఏ కాగితమూ చూడకుండా కప్పల బొమ్మలు తేల్చింది. ఒంటి వెడల్పుకు మించిన బట్ట ఇటువంటి మగ్గం మీద రాదు కనుక ఆ ఇరుకు ముక్కలనే కలిపి కుట్టి లంగాలు చేసుకుంటారు. వీళ్ళలో మెయ్‌ఫూ శాఖవాళ్ళు నేయకముందే పడుగు నూలుకు ముడులు కట్టి నీలిమందులో ముంచుతారు, అచ్చంగా మన పోచంపల్లిలో చేసే పనే. రున్ శాఖ ఆడవాళ్ళ కుట్టుపని బట్టకు రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారని యునెస్కో 2009లో ఈ విద్యను తక్షణం కాపాడవలసిన వాటి జాబితాలో చేర్చింది. పరిస్థితి మెరుగుపడటంతో 2024లో అక్కడి నుంచి తీసి మామూలు జాబితాలోకి మార్చింది. బడుల్లో నేర్పడం, సంతకు సరుకు వెళ్ళడం రెండూ కలిసొచ్చాయి. యంత్రం మీద అచ్చొత్తిన నకిలీలు కూడా దుకాణాల నిండా ఉన్నాయనుకో, వాటి వెనక్కి తిప్పి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఇక్కడా ఒక పరాయి మనిషి కథ ఉంది. షాంఘై దగ్గరి పల్లెలో పుట్టిన హ్వాంగ్ దావ్‌పో అనే ఆమె చిన్నతనంలోనే ఇంటి బాధలు పడలేక ఓడెక్కి పారిపోయి వచ్చిందని చెప్పుకుంటారు. ఇక్కడ దశాబ్దాలు ఉండి, లీ ఆడవాళ్ళ దగ్గర పత్తి పని నేర్చుకుని, 1295 ప్రాంతంలో పుట్టినూరికి తిరిగి వెళ్ళి అందరికీ నేర్పింది. తరువాతి కాలంలో ఆ ప్రాంతం నూలు బట్టకు పేరుమోసింది. కొండజాతి ఇచ్చిన విద్యతో మైదానం బాగుపడిన కథలు మనకు తరచుగా వినపడవు.

తూర్పు తీరాన వానింగ్ వైపు వెళ్తే నీకు నవ్వొచ్చే దృశ్యం ఒకటుంది. రోడ్డు పక్క బల్ల మీద పచ్చి వక్కలను తొక్కతో సహా నాలుగు చీలికలు చేసి, తమలపాకుకు సున్నం రాసి చుట్టి అమ్ముతారు. నేనొకటి వేసుకున్నాను, కాసేపటికి చెవులు వేడెక్కి చెమటలు పట్టాయి. పెళ్ళి ఖాయం చేసుకోవడానికి మగపెళ్ళివారు ఇక్కడ కూడా వక్కలే పట్టుకెళ్తారు. నోటి క్యాన్సర్ భయంతో వక్క ఉత్పత్తులకు టీవీలో, ఇంటర్నెట్‌లో ప్రకటనలు వేయకూడదని 2021లో చైనా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది గాని, బల్ల దగ్గర రద్దీ తగ్గినట్టు నాకు కనిపించలేదు.

దీవి రాజధాని హైకౌలో పాత వీధులన్నీ వరండాల వీధులే. మేడలు కాలిబాట మీదికి చొచ్చుకొచ్చి ఎండకూ వానకూ గొడుగు పడతాయి. ఆగ్నేయాసియా దేశాలకు పోయి సంపాదించినవాళ్ళు తిరిగొచ్చి కట్టించినవి అవి. ఆ నీడలో ముసలివాళ్ళు స్లిప్పర్లతో వచ్చి, ఒక కెటిల్ టీ చెప్పి, లాటరీ అంకెల కాగితాలు ముందేసుకుని పూటంతా గడిపేస్తారు, లేవమనేవాడు లేడు. కాఫీ కథా ఇంతే. మలయా, ఇండోనేషియాల నుంచి నెట్టివేయబడి వచ్చిన చైనా కుటుంబాల కోసం 1951లో షింగ్‌లోంగ్‌లో పెట్టిన వ్యవసాయ క్షేత్రంలో వాళ్ళు కాఫీ పండించి, అక్కడి అలవాటు ప్రకారమే తాగుతూ వచ్చారు. సింగపూర్‌లో అందరూ మెచ్చుకునే హైనాన్ కోడి అన్నానికి మూలం ఇక్కడి వెన్‌చాంగ్ ఊరి కోడి. మసాలా ఏమీ లేకుండా ఉడికించి, అల్లం, వెల్లుల్లి, చిన్న నిమ్మజాతి కాయ రసంతో నంజుకుంటారు. మొదటి ముద్దకు చప్పగా తోస్తుంది, మూడో ముద్దకు మాట మారుస్తావు.

అదే వెన్‌చాంగ్‌లో వీళ్ళ శ్రీహరికోట ఉంది. 2016 నుంచి అక్కడి సముద్రతీరాన్నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి. 2024 సెప్టెంబరులో యాగి తుపాను తీరం దాటింది కూడా వెన్‌చాంగ్ దగ్గరే. 2018లో తిత్లీ తరువాత మీ తోట ఎలా ఉండేదో నాకు గుర్తుంది కాబట్టి, అక్కడి రైతుతో ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

నువ్వు వచ్చేట్టయితే ఎండాకాలం, తుపానుల నెలలు వదిలిపెట్టి, వాళ్ళ చాంద్రమానంలో మూడో నెల మూడో రోజున లీవాళ్ళు చేసుకునే పండుగకు కలిసొచ్చేలా చూసుకో. మన లెక్కన అది సాధారణంగా మార్చి చివరికీ ఏప్రిల్ చివరికీ మధ్య వస్తుంది. దీవిని చుట్టివచ్చే హైస్పీడు రైలు 2015లోనే పూర్తయింది కనుక తీరం వెంబడి ఊళ్ళు చూడటం తేలిక, కొండల్లోకి మాత్రం బస్సు పట్టుకోవాలి. చలికాలంలో ఈశాన్య చైనా నుంచి వృద్ధులు గుంపులుగా దిగుతారు, గదుల అద్దెలు చుక్కలంటుతాయి. మీ ఆవిడ శాకాహారం సంగతి కొంచెం చిక్కే. ఒక ఆవకాయ జాడీ, కొంచెం పప్పుపొడి సర్దుకుని రండి. తేదీలు ఖాయం కాగానే రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు