ముడతల సూదికి ముందు పరీక్ష ఏది?

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడేసరికి మన కర్నూలులో పార్లర్ల బోర్డులు మారిపోతున్నాయి. ఫేషియల్, బ్రైడల్ మేకప్ పక్కనే ఇప్పుడు బోటాక్స్ (ముఖం మీది ముడతలు పోవడానికి వేసే సూదిమందు) అని కూడా రాసి, ఆఫర్ రేటు పెడుతున్నారు. కొన్నిచోట్ల నిజంగానే చర్మవ్యాధుల డాక్టర్ ఉండి చేస్తారు, కొన్నిచోట్ల ఎవరో శిక్షణ పొందామని చెప్పి చేస్తారు. ఆదోని నుంచో గద్వాల నుంచో బస్సెక్కి వచ్చిన ఆడమనిషికి ఈ రెండింటికీ తేడా ఎలా తెలియాలి? జుట్టుకు పట్టించే హెయిర్ బోటాక్స్ క్రీములో ఈ మందు చుక్క కూడా ఉండదు. అదీ ఇదీ ఒకే రేట్ల పట్టికలో కనిపిస్తే ఇది కూడా పార్లర్ పనేననుకోవడం సహజం.

నేను నరాల వార్డులో చాలాకాలం స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ మందు మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. మెల్లకన్నుకూ, కనురెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకూ దీన్ని వాడడానికి అమెరికాలో 1989లోనే అనుమతి వచ్చింది. పక్షవాతంతో పిడికిలి బిగుసుకుపోయినవాళ్లకు ఈ సూదితో చెయ్యి వదులై, అరచేయి కడుక్కోగలిగితే ఆ ఇంట్లో వాళ్లకు ఎంత ఊరటో నాకు తెలుసు. కనుబొమ్మల మధ్య గీతలకు అనుమతి 2002లో వచ్చింది. బాక్టీరియా తయారుచేసే విషమే ఇది. నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని ఆపుతుంది, కండరం కదలదు, చర్మం ముడుచుకోదు. మూడు నాలుగు నెలలకు ఆ ప్రభావం పోతుంది. తగిన మనిషికి, తగిన చోట, తగిన మోతాదులో వేస్తే మంచి మందే. ఎవరు తగినవారో తేల్చే పని సూది పట్టడం కన్నా ముందుది. ఆ పనే మన ఊళ్లో జరగడం లేదు.

మయస్థీనియా గ్రేవిస్ అని, నరం నుంచి కండరానికి సంకేతం సరిగా అందని జబ్బు ఒకటి ఉంది. పొద్దున బాగానే ఉంటారు. సాయంత్రమయ్యేసరికి కనురెప్ప వాలుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, అన్నం నమిలేటప్పుడు దవడ అలిసిపోతుంది. నిద్ర చాలలేదనో, ఇంటిపని ఎక్కువైందనో ఏళ్ల తరబడి సరిపెట్టుకునేవాళ్లను చూశాను. అలాంటివారికి ఈ సూది పడితే మింగడం, ఊపిరి తీసుకోవడం కూడా కష్టం కావచ్చు. సాయంత్రం పూట చూపు ఎలా ఉంటుందమ్మా అని ఒక్క ప్రశ్న అడిగితే అనుమానం రావడానికి చాలు. పార్లర్‌లో ఆ ప్రశ్న అడిగేవారెవరు?

పల్లెల్లో జ్వరమొచ్చినా, పుండు పడినా ఆర్‌ఎంపీ దగ్గర జెంటామైసిన్, అమికాసిన్ సూదులు వేయించుకుంటూ ఉంటారు. నరానికీ కండరానికీ మధ్య సంకేతాన్ని అవీ తగ్గిస్తాయి, అందుకే రెండూ కలిస్తే ప్రభావం పెరుగుతుంది. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి సూది గుచ్చిన చోట నల్లగా కమిలిపోవచ్చు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ సూది వేయకపోవడమే మంచిది. గుచ్చే చోట చీము, ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా వేయాలి. ఒక కంపెనీ మందు ఆవుపాల ప్రొటీన్ పడనివారికి పనికిరాదు. ఇవన్నీ డాక్టర్ కూర్చోబెట్టి అడగాల్సినవి.

అడిగితే సరిపోదు, ముఖం చూడాలి కూడా. కొందరికి వయసుతో పైరెప్ప కిందికి జారుతుంది. నుదుటి కండరంతో కనుబొమ్మను పైకెత్తి చూడడం వాళ్లకు తెలియకుండానే అలవాటవుతుంది. అందుకే నుదుటి మీద గీతలు. ఆ గీతలు పోవాలని నుదుటికి సూది వేస్తే ఆ ఎత్తే బలమే పోతుంది, కళ్లు సగం మూసుకున్నట్టవుతాయి. అనుభవం ఉన్న డాక్టర్ కళ్లు మూయించి, తెరిపించి, కనుబొమ్మలు ఎత్తించి ముందే కనిపెడతారు. ముఖం కదలకుండా ఉన్నప్పుడు కూడా కనిపించే లోతైన గీతలు ఈ సూదితో పూర్తిగా పోవనీ, మన ఎండకు ముందు సన్‌స్క్రీన్ రాసుకోమనీ చెప్పి పంపేవాళ్లూ ఉంటారు. పాతికేళ్ల పిల్లకు నీకిది అక్కర్లేదమ్మా అని చెప్పే డాక్టర్ మీద నాకు గౌరవం. ఆఫర్ రేటు బోర్డు ఆ మాట ఎప్పటికీ చెప్పదు.

మా వీధిలో ఒకావిడ కూతురి పెళ్లికి ముందు ఒక పార్లర్‌లో ఈ సూది వేయించుకున్నారు. వారం తిరక్కుండానే ఎడమ కనురెప్ప వాలిపోయింది. పార్లర్‌వాళ్లు బాగా మసాజ్ చేసుకోమన్నారట. కొన్ని వారాలకు దానంతటదే సర్దుకుంది గానీ, మధ్యలో డాక్టర్ దగ్గరికి వెళితే ఏ కంపెనీ మందు, ఎన్ని యూనిట్లు (ఈ మందు మోతాదును కొలిచేది యూనిట్లలోనే), ఎక్కడెక్కడ వేశారు అన్నదానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. చిన్న చీటీ ముక్క కూడా ఇవ్వలేదు. ఒక కంపెనీ యూనిట్లు మరో కంపెనీ యూనిట్లకు సమానం కావు కాబట్టి ఆ చీటీ లేకుండా వైద్యం చేసేవారికి చీకట్లో వెతుకులాటే.

నిల్వ సంగతి కూడా ఉంది. సాధారణంగా ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో 43 డిగ్రీలు దాటే ఊరు మనది. కరెంటు పోయినప్పుడు ఆ సీసా ఎక్కడుంది, అసలు సిసలైనదేనా అని ఎవరు చూస్తున్నారు? 2024లో అమెరికాలోనే నకిలీ మందు వల్లా, సరైన పద్ధతిలో వేయకపోవడం వల్లా 11 రాష్ట్రాల్లో 22 మందికి ఇబ్బంది కలిగితే వారిలో 11 మంది ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. కొందరికి ఇళ్లలోనూ, స్పాల్లోనూ వేశారు.

మనకు చట్టాలు లేక కాదు. రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002 నుంచి చట్టం ఉంది. అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా అని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతోంది. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కలిసి పెళ్లిళ్ల సీజన్ లోపే పార్క్ రోడ్డు నుంచి సి.క్యాంపు దాకా ఈ బోర్డున్న ప్రతి చోటూ తనిఖీ చేయాలని కోరుతున్నాను. సూది వేసే డాక్టర్ పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు గోడమీద తెలుగులో ఉండాలి. సూదికి ముందు అడిగిన ప్రశ్నలు, చూసిన విషయాలు రాసిన కాగితం, సీసా మీది బ్యాచ్ నంబరు, వేసిన యూనిట్లు, అన్నీ పేషెంటు చేతికి రావాలి. అది ఇవ్వలేని చోట ఆ బోర్డు తీయించాలి.

తనిఖీలు జరిగేలోపు మీ పత్రిక ఈ నాలుగు మాటలు వేస్తే మేలు. ఈ సూది వేయించుకున్నాక కొన్ని గంటలకైనా, కొన్ని వారాలకైనా మింగడం కష్టమైతే, మాట ముద్దగా వస్తే, ఒకటి రెండుగా కనిపిస్తే, ఊపిరి అందకపోతే పార్లర్‌కు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. 108కి చేసి, పెద్దాసుపత్రికి వెళ్లి, ఏ రోజు ఏ మందు ఎక్కడ వేశారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
కర్నూలు