మంత్రి గారూ, షుగర్ లెక్క 30 ఏళ్ల దగ్గరే ఎందుకు మొదలవుతోంది?

ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కారం. ఒడియాలో రాస్తే మీ ఆఫీసులో తొందరగా చదువుతారని మా తమ్ముడు అన్నాడు గానీ నాకు మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు, అందుకే తెలుగులోనే రాస్తున్నా, ఎవరితోనైనా చదివించుకోండి.

మా పాపకి 11 ఏళ్లు. రెండేళ్ల కిందట వర్షాకాలంలో ఉన్నట్టుండి రాత్రిళ్లు పక్క తడిపేయడం మొదలెట్టింది. చెంబులకి చెంబులు నీళ్లు తాగేసేది, "ఏటే, ఏరంతా నువ్వే తాగేస్తావేటి" అని మా అమ్మ నవ్వేది. బాత్రూంలో చీమలు పట్టాయి. అవి పాప మూత్రంలో పోతున్న షుగర్‌కి వచ్చాయని తెలీక మేము చీమల మందు చల్లాం. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. తర్వాత వాంతులు, ఆయాసం. ఆస్పత్రికి తీసుకెళ్తే మలేరియా టెస్ట్ చేశారు, మా వైపు ఏ పిల్ల నీరసపడినా ముందు అదే కదా, లేదని తేలింది, గ్యాస్ అన్నారు, ఇంకోచోట సెలైన్ ఎక్కించారు. మూడో రోజు బరంపురం పరిగెడితే అక్కడ ఒక నర్సమ్మ వేలు గుచ్చి షుగర్ చూసింది, మిషన్ మీద నంబరే రాలేదు, "హై" అని వచ్చింది, అంటే మిషన్ లెక్కకి అందనంత ఎక్కువ. రక్తపు చుక్క పెట్టే ఆ టెస్ట్ స్ట్రిప్ ఖరీదు 20 రూపాయలుంటుందేమో సార్.

స్వీట్లు ఎక్కువ పెట్టారా అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఇది టైప్ 1 షుగర్, రోగాల మీద పోరాడాల్సిన కణాలే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తాయి, తిండి వల్ల వచ్చేది కాదు, మాత్రలతో సరిపోదు, రోజుకి నాలుగు ఇంజెక్షన్లు, ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2021 లెక్క ప్రకారం 20 ఏళ్ల లోపు టైప్ 1 ఉన్నవాళ్లు ప్రపంచంలో 12 లక్షలు, అందులో మన దేశంలోనే దాదాపు 2 లక్షల 29 వేలు, ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు. మరి అందులో మా గజపతి జిల్లా పిల్లలెంతమంది? ఈ ముక్క అడుగుదామని ఒక ఆఫీసుకెళ్తే ఒకాయన పాపం రిజిస్టర్ అంతా తిరగేసి, ఇందులో 30 దాటినవాళ్లే ఉన్నారండీ అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఊళ్లలో చేసే షుగర్ స్క్రీనింగే 30 నుంచి. పెద్దల షుగర్‌కి అది సరే, కానీ టైప్ 1 అంతదాకా ఆగదు కదా. లెక్కలో లేని పిల్లకి స్టాకులో మందెందుకుంటుంది? జ్వరంతో పోయారని రాసేసుకున్న పిల్లల్లో ఎంతమందికి ఇదే ఉందో ఎవరికి తెలుసు?

స్కూల్లో ఇంకో బాధ. ఇన్సులిన్ వల్ల షుగర్ మరీ పడిపోతే నోట్లో వేసుకోమని పాప జేబులో పంచదార పొట్లం పెడతాం. టీచర్ చూసి "షుగర్ పేషెంటువి నీకు పంచదారేంటి" అని లాక్కుంది. మంచి మనసుతోనే లాక్కుంది, అదే భయం. సీబీఎస్ఈ వాళ్లు 2017లోనే ఇలాంటి పిల్లలు పరీక్ష హాల్లోకి తినేవి తెచ్చుకోవచ్చని సర్క్యులర్ ఇచ్చారు, మా పాపది స్టేట్ బోర్డు. కేరళలో టైప్ 1 పిల్లలకి ఇన్సులిన్ పెన్నులు ఫ్రీగా ఇచ్చే స్కీం ఉంది, పేరు మిఠాయి (ఎవరు పెట్టారో గానీ భలే పెట్టారు). మేమేమో మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలో పాతపట్నం వైపు వెళ్తే "మీది ఒడిశా కార్డు కదా" అంటారు, ఇటొస్తే స్టాకు లేదు, వచ్చే వారం రండి అంటారు, ఇన్సులిన్‌కి వచ్చే వారం ఉంటుందా సార్?

పెద్ద ఆస్పత్రి కట్టమని అడగట్లేదు. వాంతులతోనో ఆయాసంతోనో వచ్చిన ప్రతి పిల్లకీ మలేరియా టెస్ట్‌తో పాటే ఒక్కసారి వేలు గుచ్చి షుగర్ చూడమని ఆర్డర్ ఇవ్వండి, తేలినవాళ్ల పేరు జిల్లా రిజిస్టర్‌లో ఎక్కించండి, ఆ లెక్కన ఇన్సులిన్, స్ట్రిప్పులు బ్లాక్ ఆస్పత్రికి పంపండి. గోడమీద అంటించే కాగితం ఒడియాతో పాటు తెలుగులో, సవరలో కూడా వేయించండి.

మొన్న మా చిన్నోడు నీళ్లు ఎక్కువ తాగుతున్నాడనిపించి, చేతులు వణుకుతుంటే వాడి వేలు గుచ్చాను. 96 వచ్చింది, మామూలే. మా ఇంట్లో మిషన్ ఉంది కాబట్టి చూసుకున్నాం.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక నాన్న