ఖైదీ గీతా, కుర్రాడి గీతా ఒకటేనా?

సంపాదకుడికి,

కోట గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళ గురించి ఈమధ్య మీరు వేసిన ఫొటో చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

సంక్రాంతి సెలవుల్లో గోల్కొండ వెళ్ళాను. రామదాసు బందీఖానా చూసి బయటికి వస్తుంటే ఒక కుర్రాడు బండి తాళంచెవితో గోడ గీకుతున్నాడు. ఇంగ్లీషులో పేరు, పక్కన గుండె బొమ్మ. గుండె సగమే అయింది, పొడి చెప్పుల మీద రాలుతోంది. వద్దు బాబూ అన్నాను. "రామదాసు గీస్తే లేని తప్పు నేను గీస్తే వచ్చిందా అంకుల్?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. బస్సెక్కాక తట్టింది.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్ళినప్పుడు, ఒకప్పుడు ఖైదీలను ఉంచిన 'టవర్ ఆఫ్ లండన్' కోటలో బీచమ్ బురుజు చూశాను. ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ 13వ శతాబ్దంలో కట్టించాడు. 1397లో రెండో రిచర్డ్ ఖైదు చేసిన థామస్ బీచమ్ అనే ప్రభువు పేరే దానికి మిగిలింది. లోపల గోడల నిండా ఖైదీల చెక్కుళ్ళే. 1553లో జేన్ గ్రే అనే అమ్మాయిని ఇంగ్లండ్‌కు రాణిని చేయబోయి దెబ్బతిన్న డడ్లీ కుటుంబంలో అన్నదమ్ములు ఐదుగురూ ఆ కోటలో బందీలయ్యారు. పెద్దవాడు జాన్ ఒక ఎలుగుబంటినీ సింహాన్నీ చెక్కి, చుట్టూ పూలతో, ఆకులతో అంచు వేశాడు. అది ఉత్త అలంకారం కాదు. గులాబీలంటే ఆంబ్రోస్, ఓక్ ఆకులంటే రాబర్ట్. అలా నలుగురు తమ్ముళ్ళ పేర్లూ అందులో దాచాడు, వెతుక్కోండని కింద పద్యం కూడా చెక్కాడు. 1554లో ఒక తమ్ముడి తల తీశారు. విడుదలైన కొద్దిరోజులకే జాన్ కూడా పోయాడు. ఆ రాయి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

మా నేలకొండపల్లి గోపన్న కూడా పన్నెండేళ్ళు గోల్కొండలో మగ్గుతూ రాముణ్ణీ సీతమ్మనూ లక్ష్మణుణ్ణీ హనుమంతుణ్ణీ గోడ మీద చెక్కుకున్నాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. వాళ్ళకి కాగితం లేదు, బయటికి దారి లేదు. ఆ కుర్రాడి జేబులో ఫోనుంది, సాయంత్రానికి ఇంటికెళ్తాడు.

రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతోంది. జైలు గోడ గీకినందుకు జైలు! కానీ శిక్షల బోర్డు ఎవరు చదువుతారు? లండన్‌లో ఆ చెక్కుళ్ళకి అద్దం అడ్డుపెట్టి, ఏది ఎవరిదో పక్కనే రాశారు. మన కోటల్లోనూ అలాంటి కథ తెలుగు, ఉర్దూ, హిందీల్లో ఆ గోడ దగ్గరే రాసిపెట్టమని అధికారులను కోరుతున్నాను. టికెట్ కౌంటర్ పక్కన ఒక నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు కూడా పెడితే మంచిది. గుండె బొమ్మలు అక్కడ ఎన్నైనా గీసుకోవచ్చు, రాత్రికి తుడిచేయొచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఖమ్మం