హెడ్డు విప్పనియ్యకు

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ మావా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. సరిపడా తిట్టుకున్నాక చదువు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్లు యథాప్రకారం. మేడమీద గది ఇంకా అద్దెకి పోలేదు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఇంతే, ఇంక అసలు సంగతి.

పాలవాడి బాకీ గురించి రాసినంత తేలిగ్గా రాశావేటిరా ఆ చివరి ముక్క! "ఓమ్నీ వేడెక్కుతోంది, హెడ్ గ్యాస్కెట్ పోయిందట, బుధవారం హెడ్డు విప్పుతానన్నాడు మేస్త్రీ" అని. విప్పనియ్యకు. బుధవారం బండి పంపకు. హెడ్డంటే ఇంజన్ నెత్తి, గ్యాస్కెట్ దాని కింద అతుకులో ఉండే పలచటి పొర, ఊరికే విప్పేది కాదు. ఇంజన్ సీటు కింద ఉండే బండి అది, అక్కడ ఒకసారి చెయ్యిపెడితే పైపులూ క్లిప్పులూ ఒక్కటీ మళ్లీ మునుపటిలా కూర్చోవు.

జబ్బేటో నీ ఉత్తరంలోనే ఉంది. శ్రీకాకుళం నుంచి ఆనందపురం దాకా డెబ్బైలో వచ్చినా వేడి చూపించే ముల్లు సగం దాటలేదన్నావు. హనుమంతవాక సిగ్నల్లో లేచింది, మద్దిలపాలెంలో ముప్పావుకొచ్చింది, మర్నాడు అడివివరం నుంచి సింహాచలం కొండెక్కుతుంటే ఎర్రగీత తాకింది. ఇప్పుడు ఆలోచించు. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్ని చల్లారుస్తుంది, ఫ్యాను తిరిగినా తిరక్కపోయినా ఒకటే. సిగ్నల్లో గాలి లేదు. ఘాట్‌లో సెకండ్ గేర్లో ఇంజన్ ఒళ్లు హూనం చేసుకుంటుంది, బండి మాత్రం నడకే, గాలి అక్కడా లేదు. రెండు చోట్లా కావలసింది ఫ్యానే. గ్యాస్కెట్ సన్నగా చీలితే బరువు మీదే బయటపడుతుంది, కాదన్ను. కానీ అంత దూరం డెబ్బైలో పోవడం కూడా ఇంజన్‌కి బరువే, తగరపువలస రాకుండానే తెలిసిపోయేది. దీనికి తిరగేసి, ఊళ్లో బాగానే ఉండి హైవే మీద మరిగిందనుకో, అప్పుడు నీళ్లు సరిగా తిరగట్లేదని: రేడియేటర్ గొట్టాలు పూడుకుపోవడం, వేడెక్కాక నీళ్లకి దారి వదిలే థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, వాటర్ పంపు రెక్కలు అరిగిపోవడం. కింది హోసు కూడా చూడాలి. లోపలి స్ప్రింగు తుప్పు తినేస్తే, రేజ్ చేసినప్పుడు పంపు లాగే లాగుడుకి ఆ హోసు చప్పిడైపోతుంది. ఐడిల్లో ఎంత చూసినా కనపడదు.

సరే, ఫ్యాను. బండి నిలబెట్టి పావుగంట ఇరవై నిమిషాలు ఐడిల్లో వదిలెయ్. ముల్లు సగం దాటి కాస్త పైకెళ్లేసరికి ఫ్యాను దానంతటదే తిరగాలి. తిరగలేదా, ముందు ఫ్యూజు చూడు. బాగానే ఉంటే ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, రేడియేటర్‌కి బిగించి ఉన్న థర్మో స్విచ్చి (వేడిని బట్టి ఫ్యాను వేసేది అదే) తీగలు పీకు. రెండు తీగలుంటే ఒకదానికొకటి చిన్న తీగముక్కతో కలుపు, ఒకటే ఉంటే బాడీకి ఆనించు. తాళం ఆన్ చెయ్. తిరిగిందా, స్విచ్చి చచ్చిందన్నమాట, పని అయిపోయింది. తిరగలేదా, ఫ్యాను మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడు. అప్పుడు తిరిగితే కరెంటు కలిపే రిలేనో, తీగో, బాడీకి కలిసే ఎర్తు తీగో, అప్పటికీ తిరక్కపోతే మోటారు బ్రష్షులు. వేళ్లు జాగ్రత్త, తాళం ఆన్‌లో ఉంటే అది చెప్పా పెట్టకుండా తిరుగుతుంది.

ఇంకోటి, దీన్ని ఎవడూ చూడడు. మోటారు ఎప్పుడో మార్చి ఉంటే తీగలు తారుమారుగా కలిపేసి ఉండొచ్చు. ఫ్యాను తిరుగుతుంది, హోరుమంటుంది, కానీ గాలిని ముందుకి తోస్తుంది. రేడియేటర్ ముందువైపు పేపరు ముక్క పట్టుకో. లోపలికి లాక్కోవాలి. బయటికి ఎగిరిపోతే రెండు తీగలూ అటూ ఇటూ మార్చు, ఖర్చు సున్నా.

స్విచ్చి మార్చేటప్పుడు బండి పూర్తిగా చల్లారాలి, విప్పితే కూలెంట్ కారుతుంది, కింద బేసిను పెట్టు. వాషరు కొత్తది వెయ్. పాతదే వేస్తే మళ్లీ నెలకి చుక్కలు.

ఇక రేడియేటర్ మూత సంగతి. అంత చిన్నది, దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. మూత మీద 0.9 అని ఉంటుంది చూడు, అంటే అంత బార్ ఒత్తిడి దాకా నీళ్లని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర మరగవు, దాదాపు 118 డిగ్రీలు దాటాలి. రబ్బరు ఎండిపోయిన మూతతో 100కే ఉడుకుతాయి, వెంటనే అందరూ గ్యాస్కెట్ అంటారు! పొద్దున్నే చల్లారిన బండిలో పై హోసు నొక్కుకుపోయి ఉందేమో చూడు. ఉంటే మూత మధ్యలో చిన్న వాల్వు పట్టేసింది, రిజర్వు డబ్బాలోకి పోయిన నీళ్లు వెనక్కి రావట్లేదు. డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉన్నా అదే అర్థం. కొత్త మూత కూడా 0.9దే కొను. ఎక్కువ నంబరైతే మంచిదనుకుని 1.1 పెట్టావో, ముసలి హోసులు ఊరుకోవు.

థర్మోస్టాట్ ఉందో లేదో కూడా చూడు. "మన ఎండలకి అదెందుకండీ" అని పీకేసే మేస్త్రీలు వీధికొకడు. నాకు ఒళ్లుమండేది అక్కడే. అది లేకపోతే హైవేలో ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. ఉన్నది బాగుందో లేదో వంటింట్లోనే తేలుతుంది. గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, స్టవ్ వెలిగించి, థర్మామీటర్ పెట్టు. జ్వరం చూసేది కాదు నాయనా! దాని మీద 82 అని ఉంటే ఆ వేడికి కదలాలి, మరుగు దగ్గరపడేసరికి బాగా తెరుచుకోవాలి. గిన్నె మాత్రం చెల్లెమ్మది తీసుకోకు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, అప్పటికీ వేడెక్కితే, అప్పుడు గ్యాస్కెట్ మాట. అదైనా హెడ్డు విప్పకుండానే తెలుస్తుంది. పొద్దున్నే చల్లటి బండికి మూత తీసి స్టార్ట్ చెయ్యమను. మొదటి నిమిషంలోనే బుడగలు ఆగకుండా వస్తుంటే అనుమానించాలి. మూత బిగించి స్టార్ట్ చేసిన నిమిషానికే, ఇంకా వేడెక్కకముందే హోసు రాయిలా గట్టిపడినా అంతే. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురగ చూసి మాత్రం కంగారుపడకు, ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి తేమ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగుంటే వేరే సంగతి. చివరగా కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి. ఇంజన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో ఒత్తిడి గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. మూడింట్లో తేడా చదరపు సెంటీమీటరుకి 1 కిలో దాటకూడదు. పక్కపక్కన ఉన్న రెండూ కలిసి పడిపోయాయా, అప్పుడు విప్పమను, నేనే వచ్చి దగ్గర నిలబడతా. విప్పాక హెడ్డు మీద స్కేలు పెట్టి వంగిందో లేదో చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేయనియ్యకు.

దారిలో మరిగితే మాత్రం మూత ముట్టుకోవద్దు, ఇంజన్ మీద చల్లటి నీళ్లు అసలే వద్దు. అల్యూమినియం హెడ్డు, అక్కడే వంగుతుంది.

అన్నట్టు ముల్లే అబద్ధం చెప్తుందేమో కూడా చూడు. బీచ్ రోడ్డు పక్కన ఉప్పుగాలి పీల్చి పెరిగిన బండి అది, ఎర్తు తీగలన్నీ పచ్చగా చిలుం పట్టి ఉంటాయి. హెడ్‌లైట్ వెయ్యగానే ముల్లు కదిలితే వేడి కాదు, ఎర్తు. సెన్సారు తీగ పీకినా ముల్లు పైనే ఉంటే ఆ తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది. సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోందన్నావు చూడు, అదీ ఇక్కడిదే కావచ్చు. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొస ఇంజన్ బ్లాక్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు దాటితే ఎర్తు పట్టీ విప్పి, రెండు కొసలూ, అది కూర్చునే చోటూ లోహం మెరిసేదాకా గీకి, బిగించాక వాసెలిన్ రాయి.

నీళ్లు నింపేటప్పుడు బోరు నీళ్లు పొయ్యకు, ఉప్పు పేరుకుంటుంది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. ఈ బండిలో పైపులు పొడుగు, మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. రేడియేటర్ మూత ఉన్న వైపు ఎత్తులో ఉండేలా వాలులో నిలబెట్టి, మూత తీసి ఐడిల్లో ఉంచి, థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి దిగుతుంది, అప్పుడు

మా బావమరిది చెప్పులేసేసుకున్నాడు, కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సుకి టైమైందట, ఈ కాగితం వాడి చేతికే ఇస్తున్నా. మట్టం దిగగానే మళ్లీ పొయ్యి, బుడగలు ఆగేదాకా. కార్బురేటర్ సంగతి, వేడి మీద స్టార్ట్ కాకపోవడం, అవన్నీ తర్వాత రాస్తా. బుధవారం పంపకు!

నీ
మావ