‘తెరవలేకపోయాం’ అనాల్సిన చోట ‘వైరస్ ఉంది’ అని రాశారు: మీ మెయిల్ స్కానింగ్‌పై ఫిర్యాదు

తెనాలి,
9 జనవరి 2025

కస్టమర్ సేవల విభాగం ముఖ్య అధికారి గారికి,

ఆర్యా,

నేను తెనాలిలో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే ట్యాక్స్ ప్రాక్టీషనర్‌ని. ఆఫీసులో నేను, ఇద్దరు అసిస్టెంట్లు. మా సొంత డొమైన్ పేరుతో మీ దగ్గర మూడు మెయిల్ ఐడీలు తీసుకుని నాలుగేళ్లుగా ఏటా డబ్బు కడుతున్నాను. వైరస్ స్కానింగ్ ఉన్న ప్లానే కావాలని అడిగి మరీ తీసుకున్నాను. నా దగ్గరికి వచ్చేవన్నీ జనం పాన్ నంబర్లు, ఆధార్ కాపీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు కదా, వాటికి కాపలా ఉండాలి. కాబట్టి స్కానింగ్ తీసేయమని నేను అడగడం లేదు. మీ స్కానర్ ఒక ఫైల్‌ను తెరిచి చూడలేకపోయినప్పుడు కూడా అందులో వైరస్ దొరికిందని నా క్లయింట్లకు రాస్తోంది. నా ఫిర్యాదు దాని మీద.

డిసెంబర్ 27, శుక్రవారం సాయంత్రం. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక క్లయింట్‌కు 2023-24 సంవత్సరపు జీఎస్టీఆర్-9, అంటే ఏడాది మొత్తానికి వేసే జీఎస్టీ రిటర్న్, సిద్ధం చేశాను. జీఎస్టీ పోర్టల్‌లో దొరికే ఆఫ్‌లైన్ ఎక్సెల్ ఫైల్‌లో అంకెలన్నీ నింపి, వారి గుమాస్తా పుస్తకాలతో సరిచూడాలని మెయిల్ చేశాను. చివరి తేదీ డిసెంబర్ 31. తప్పితే వారి టర్నోవర్‌కు రోజుకు వంద రూపాయల లేట్ ఫీజు. ఆ ఎక్సెల్‌లో మాక్రోలు, అంటే ఫైల్ లోపలే ఉండి పనిచేసే చిన్న ప్రోగ్రామ్‌లు, ఉంటాయి. అంకెలు సరిచూసే బటన్, పోర్టల్‌లో ఎక్కించే జేసన్ ఫైల్ తయారు చేసే బటన్, రెండూ ఆ మాక్రోలతోనే పనిచేస్తాయి. అవి ప్రభుత్వం పెట్టినవి, నేను రాసినవి కావు.

మెయిల్ వెళ్లిందనే నేను అనుకున్నాను. వెళ్లింది కూడా. కానీ దారిలో మీ సర్వర్ నా ఎక్సెల్‌ను తీసేసి, దాని స్థానంలో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టి పంపింది. ఈ మెయిల్‌తో వచ్చిన ఫైల్‌లో వైరస్ కనుగొన్నామని, దాన్ని తొలగించామని, పంపినవారి విషయంలో జాగ్రత్తగా ఉండమని అందులో ఇంగ్లిష్‌లో ఉంది. నాకు మాత్రం ఒక్క ముక్క సమాచారం రాలేదు.

శనివారం పొద్దున్నే ఆ వ్యాపారి ఫోన్ చేశారు. “ఏమండీ, మీ కంప్యూటర్లకు వైరస్ పట్టిందంట గదా. మా లెక్కలన్నీ మీ దగ్గరే ఉన్నాయి, ఇప్పుడు మా గతేంటి?” అన్నారు. పదకొండేళ్లుగా నా దగ్గరికి వస్తున్న మనిషి. నేను ఏం చెప్పాలో నాకే తెలియదు, నిజంగానే వైరస్ ఉందేమోనని నాకూ భయం పట్టుకుంది. ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తెస్తానంటే, “మీ పెన్‌డ్రైవ్ మా సిస్టమ్‌లో పెట్టొద్దన్నారండీ మా సారు” అన్నాడు గుమాస్తా. తప్పు పట్టలేను. ఆ చీటీ చదివిన వాళ్లెవరైనా అలాగే అంటారు.

ఆ రోజు నుంచి రెండు రోజులు మా ఆఫీసులో వేరే పని జరగలేదు. సిస్టమ్‌లు చూసే కుర్రాడిని పిలిపించి మూడు కంప్యూటర్లకూ ఫుల్ స్కాన్ పెట్టించాను. విండోస్ మొదలవకముందే నడిచే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చేయించాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి 30వ తేదీ నా ల్యాప్‌టాప్ పట్టుకుని గుంటూరు వెళ్లి, ఆ దుకాణంలోనే గుమాస్తా పక్కన కూర్చుని, రాత్రి ఎనిమిదింటి దాకా ఒక్కో లైన్ చదివి సరిచూసుకున్నాం. 31న రిటర్న్ వేశాం. లేట్ ఫీజు పడలేదు. కానీ ఈలోపు యార్డులో మాట పాకింది. ఇంకో వ్యాపారి ఫోన్ చేసి తన ఫైళ్లు వెనక్కి ఇచ్చేయమని అడిగారు, ఇచ్చేశాను.

కొత్త సంవత్సరం మొదటి రెండు రోజులు ఇది తేల్చుకోవాలని కూర్చున్నాను. అదే ఎక్సెల్‌ను పోర్టల్ నుంచి మళ్లీ దింపి, ఒక్క అంకె కూడా వేయకుండా నా వేరే మెయిల్‌కు పంపాను. అదే చీటీ వచ్చింది. మా అసిస్టెంట్ ఇంట్లో, వేరే కంప్యూటర్‌లో, వేరే ఇంటర్నెట్‌తో దింపిన కాపీతో నా కాపీ హ్యాష్ విలువను, అంటే ఫైల్‌కు వేలిముద్రలాంటి కోడ్‌ను, సరిచూశాను. రెండూ అక్షరం తేడా లేకుండా కలిశాయి. అంటే నా కంప్యూటర్ ఆ ఫైల్‌కు ఏమీ అంటించలేదు. మాక్రోలు లేకుండా సేవ్ చేసి పంపితే నిక్షేపంగా వెళ్లింది, కానీ ఆ కాపీలో బటన్లు పనిచేయవు కాబట్టి ఎవరికీ ఉపయోగం లేదు.

తర్వాత పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లు చూశాను. మా వృత్తిలో వీటిని తప్పించుకునే దారి లేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ ఇచ్చే ఏఐఎస్ (ఏడాది ఆదాయ, లావాదేవీల వివరాల పట్టిక) పీడీఎఫ్‌కు పాన్ నంబర్, పుట్టిన తేదీ కలిపితే పాస్‌వర్డ్. ఆధార్ పీడీఎఫ్‌కు పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. బ్యాంకులు పంపే ఈ-స్టేట్‌మెంట్లకూ పాస్‌వర్డ్ ఉంటుంది. తాళం వేసి పంపడమే సురక్షితమని ఈ సంస్థలన్నీ నిర్ణయించాయి. నా సొంత ఏఐఎస్ పంపితే మీ స్కానర్ వైరస్ అంది. అదే పీడీఎఫ్‌ను పాస్‌వర్డ్ తీసేసి పంపితే ఏ అభ్యంతరం లేకుండా వెళ్లిపోయింది. నోట్‌ప్యాడ్‌లో ‘నమస్కారం’ అని ఒక్క మాట రాసి, దానికి పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేసి పంపాను. దానికీ వైరస్ అనే అంది.

చివరిగా ఇంకొకటి చేశాను. యాంటీవైరస్ పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి ఐకార్ అనే 68 అక్షరాల పరీక్ష ఫైల్ ఉంటుంది. అది ఎవరికీ హాని చేయదు, కానీ పరీక్ష కోసమని యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌లాగే పట్టుకుంటాయి. మీ స్కానర్ కూడా పట్టుకుంది, పట్టుకోవాల్సిందే. కానీ దానికి ఇచ్చిన చీటీనీ, నా ‘నమస్కారం’ ఫైల్‌కు ఇచ్చిన చీటీనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఫైల్ పేరు తప్ప ఒక్క పదం తేడా లేదు. రెండింటి ప్రింట్లూ ఈ లేఖతో పంపుతున్నాను. తాళం వేసిన పెట్టెను తెరవలేకపోయిన మనిషి, లోపల దొంగసొమ్ము ఉందని ఊరంతా చెప్పడం లాంటిది ఇది.

పాస్‌వర్డ్ జిప్‌లనూ, మాక్రోలనూ అనుమానించడానికి కారణం ఉందని నాకు తెలుసు. 1999లో మెలిస్సా వైరస్ వర్డ్ మాక్రో రూపంలోనే మెయిళ్లలో పాకింది. ఎమోటెట్ అనే వైరస్‌ను నడిపిన ముఠా స్కానర్ల కన్నుగప్పడానికి పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లు పంపేది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందే ఆపేస్తోంది. మీరూ అలాంటి ఫైల్‌ను ఆపండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఎందుకు ఆపారో నిజం చెప్పండి.

మీ సపోర్ట్ విభాగం గురించి కూడా రాయాలి. నాలుగుసార్లు మాట్లాడాను. మొదటిసారి నా మాట పూర్తికాకముందే కంప్యూటర్ ఫార్మాట్ చేయించుకోమన్నారు. నాలుగేళ్ల క్లయింట్ల రికార్డు ఉన్న కంప్యూటర్‌ను, ఏం దొరికిందో చెప్పకుండానే! రెండోసారి ఫైల్ ఎక్స్‌టెన్షన్ (పేరు చివర ఫైల్ రకం చెప్పే అక్షరాలు) మార్చి పంపమని సలహా ఇచ్చారు. 2000 సంవత్సరంలో ఐ లవ్ యూ వైరస్ చేసిన పని అదే కదా, అసలు ఎక్స్‌టెన్షన్ కనపడకుండా టెక్స్ట్ ఫైల్‌లా వేషం వేసుకుని వచ్చింది. అలాంటి ఫైళ్లను తెరవొద్దని నా క్లయింట్లకు నేనే చెబుతుంటాను.

మూడోసారి ఫోన్ తీసిన అమ్మాయి ఓపికగానే మాట్లాడింది. కానీ ఫైల్‌ను వైరస్ టోటల్ లాంటి సైట్‌లో ఎక్కించి, వచ్చిన ఫలితం పంపమంది. అక్కడ పెట్టిన ఫైల్ ఇతర భద్రతా సంస్థల చేతికీ వెళుతుంది. ఖాళీ ఎక్సెల్ అయితే పెట్టొచ్చు, నేను పెట్టాను కూడా. కానీ ఒక వ్యాపారి ఏడాది లెక్కల్ని, ఒక కుటుంబం ఆధార్ కాపీల్ని అలా పెట్టే హక్కు నాకు లేదు. ఆ అమ్మాయి తప్పని అనడం లేదు, ఎదురుగా ఉన్న పాయింట్లు చదివి ఉంటుంది. ఆ పాయింట్లు రాసినవారు మాత్రం దీన్ని ఆలోచించాల్సింది. నాలుగోసారి నేను ఫోన్‌లో ఉండగానే, సమస్య పరిష్కారమైందని నా ఫిర్యాదు మూసేసినట్టు మెసేజ్ వచ్చింది.

ఈలోపు ఇంకోటి బయటపడింది. రిటైరైన ఒక టీచరమ్మ గారు ఆలస్యపు ఐటీ రిటర్న్ కోసం డిసెంబర్ 28న తన బ్యాంక్ స్టేట్‌మెంట్ పంపారు. నాకు చేరలేదు. పంపలేదేమో అనుకుని నేనూ అడగలేదు, అందింది అనుకుని ఆమే ఫోన్ చేయలేదు. జనవరి 2న నేను మీ అడ్మిన్ పేజీలోకి వెళ్లి క్వారంటైన్ జాబితా (అనుమానంతో ఆపి పక్కన పెట్టిన మెయిళ్ల జాబితా) తెరిస్తే అందులో ఉంది ఆమె మెయిల్, ఇంకో పదకొండు మెయిళ్లతో కలిసి. పన్నెండింటిలోనూ ఉన్నవి పాస్‌వర్డ్ పీడీఎఫ్‌లే. ఆలస్యపు రిటర్నుల గడువును ప్రభుత్వం డిసెంబర్ 31 నుంచి జనవరి 15కు పొడిగించింది కాబట్టి ఆమె పని జరిగింది. పొడిగించకపోయి ఉంటే ఆ పెద్దావిడకు నేనేం సమాధానం చెప్పేవాడిని?

నేను కోరేది ఇది. వైరస్ దొరికితే దాని పేరుతో సహా చెప్పండి. పాస్‌వర్డ్ వల్ల తెరవలేకపోతే ఆ మాటే రాయండి. మాక్రోలు ఉన్నాయని ఆపితే అదీ రాయండి. ఈ మూడింటికీ ఒకే చీటీ వద్దు. వీలైతే తెలుగులో కూడా ఇవ్వండి, మా క్లయింట్లలో చాలామందికి ఆ ఇంగ్లిష్‌లో ‘వైరస్’ అన్న ఒక్క మాటే అర్థమవుతుంది. ఫైల్ తీసేసిన నిమిషమే పంపినవారికీ తెలియాలి, క్వారంటైన్‌లో పడిన మెయిల్ గురించి అందుకోవాల్సినవారికి అదే రోజు సమాచారం రావాలి. పొరపాటున ఆపిన ఫైల్‌ను మళ్లీ పరిశీలించమని అడిగితే, ఎన్ని గంటల్లో చూస్తారో చెప్పే మనిషి మీ దగ్గర ఉండాలి.

వీటికి సమయం పడుతుందని తెలుసు. కానీ ఒకటి మాత్రం వెంటనే కావాలి. డిసెంబర్ 27న నా మెయిల్ నుంచి వెళ్లిన ఆ ఎక్సెల్‌లో ఏ వైరస్సూ కనపడలేదని, మాక్రోలు ఉన్నందువల్లే దాన్ని ఆపామని మీ లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి. కాదు, నిజంగానే వైరస్ దొరికింది అంటారా, దాని పేరు చెప్పండి, నేను నా క్లయింట్లకు నేరుగా ఒప్పుకుంటాను. మీ రికార్డుల్లో ఈ వివరం ఉంటుంది.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. నేను వ్యాపారానికి తీసుకున్న సేవ కాబట్టి వినియోగదారుడిని కానని మీరు అనవచ్చు. సొంతంగా పనిచేసుకుని బతకడానికి మాత్రమే ఈ సేవ తీసుకున్నానని నేను అక్కడ చెప్పుకుంటాను.

ఈ నెల 31లోగా మూడో క్వార్టర్ టీడీఎస్ స్టేట్‌మెంట్లు వేయాలి, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. ఆ మిర్చి వ్యాపారి పనీ అందులో ఉంది. ఆయన ఫైళ్లు ఈసారి కూడా నేను మెయిల్‌లోనే పంపాలి. అంతకుముందే మీ ఉత్తరం తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాలని ఉంది.

ఇట్లు,
మీ కస్టమర్,
ట్యాక్స్ ప్రాక్టీషనర్, తెనాలి

జతచేసినవి: మీ సర్వర్ పంపిన ఐదు చీటీల ప్రింట్లు, హ్యాష్ విలువల ప్రింట్, మూడు కంప్యూటర్ల స్కాన్ ఫలితాలు, క్వారంటైన్ జాబితా (క్లయింట్ల పేర్లు కొట్టేసి).